బటన్ ఫోన్లో స్పానిష్

“మీ మేడం పోయింది సార్,” అన్నాడు మడకశిర మొబైల్ అంగడాయన ఫోన్లో.

“యాడికి?” అన్నాను నేను.

అప్పుడు నేను ఉరవకొండ మార్కెట్లో వంకాయలు ఏరుతున్నాను. ఒక చేతిలో సంచి, చెవికీ భుజానికీ మధ్య ఫోను. బెంగుళూరుకేమో, మళ్ళీ పనికి కుదిరిందేమో అనుకున్నాను. ఇంకో రెండు వంకాయలు సంచిలో వేశాను. “ఇంక యాడికి పోతారు సార్ మనుషులు,” అన్నాడాయన చివరికి.

ముప్పై రెండేళ్ళు పిల్లలకు భాష చెప్పి రిటైరైన మనిషిని. నాలుగు మాటల తెలుగు వాక్యం అర్థం కావడానికి నాకు అంతసేపు పట్టింది.

ఆమె నాకు స్పానిష్ నేర్పింది. నేర్పింది అనడం ఆమె ఓపిక. నేర్చుకున్నాను అనడం మాత్రం నా అబద్ధం.

ఈ స్పానిష్ గొడవ నా రిటైర్మెంటు సభలో మొదలైంది. శాలువా కప్పి, దండ వేసి, “ఇకమీదట ఏం చేద్దామనుకుంటున్నారు సార్?” అని హెడ్మాస్టరు మైకులో అడిగాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర తప్ప నా దగ్గర వేరే పథకం లేదు. కానీ చేతికి మైకు అందితే ఊరుకునే రకం కాదు నేను. “ఒక కొత్త భాష నేర్చుకుంటాను” అన్నాను. చప్పట్లు కొట్టారు. అవి ఆగకముందే “స్పానిష్” అని కూడా అనేశాను. స్పానిషే ఎందుకంటే, ఫ్రెంచి మా లెక్కల సారు అప్పటికే మొదలుపెట్టేశాడు.

మా ఆవిడ ముందు వరసలో కూర్చుని అన్నీ వింది. ఇంటికొచ్చాక తీరిగ్గా అంది: “బళ్ళారి ఈడనే ఉండాది. ముప్పై ఏండ్లనుంచి కన్నడమోళ్ళు మనింటికి వచ్చి పోతాండారు. వాళ్ళు ‘ఊట ఆయ్తా’ అని తిండి సంగతి అడిగితే మీరు ఈపొద్దుకూ నా మొగం చూస్తారు. మీకు స్పానిషా?”

ఆ మాటతో పట్టుదల పెరిగింది. మరుసటి రోజునుంచే కోర్సుల వేట మొదలుపెట్టాను. చవగ్గా ఉండాలి. ఇంట్లో కూర్చుని నేర్చుకునేట్టు ఆన్‌లైన్‌లో ఉండాలి. సర్టిఫికెట్ ఇవ్వాలి. అరవై ఏళ్ళ వయసులో ఆ సర్టిఫికెట్ ఎవరికి చూపిస్తానో మాత్రం ఆలోచించలేదు. ఒక కోర్సులో, ఇంకో నలభై నిమిషాల్లో ధర పెరిగిపోతుందని ఒక గడియారం వెనక్కి నడుస్తూ ఉండేది. కొందామా వద్దా అని చెమటలు పట్టి, చివరికి ఫోను మూసేసి లేచేవాణ్ణి. మళ్ళీ తెరిస్తే మళ్ళీ నలభై నిమిషాలు ఉండేవి. ఇంకొకటి ఉచితమన్నారు గానీ నమస్కారం చెప్పడం దాకానే ఉచితం. బదులు నమస్కారానికి డబ్బు కట్టాలి. ఒక తెల్ల నోటుపుస్తకం తీసి గళ్ళు గీశాను. కోర్సు పేరు, గంటలు, టీచరు చదువు, సర్టిఫికెట్ ఉందా లేదా. నాలుగు నెలలకు ఆ పుస్తకం నిండింది. ఆ నాలుగు నెలల్లో నాకొచ్చిన స్పానిష్ మాటలు మూడు. అందులో ఒకటి ‘కఫే’.

అలాంటి రోజుల్లో ఎవరో ఒక ఆన్‌లైన్ గుంపులో పెట్టిన ప్రకటన నా ఫోన్లోకి వచ్చి పడింది. ‘ఆన్‌లైన్ స్పానిష్ నేర్పబడును. మాట్లాడేది మాత్రమే. రాసేది లేదు. నెలకు మూడు వందలు.’ కింద మడకశిరలోని మొబైల్ రిపేరీ అంగడి నంబరు.

అంత చవకది నా పుస్తకంలో ఇంకొకటి లేదు. అయినా నేను ఫోన్ చేసింది నేర్చుకుందామని కాదు, నవ్వుకుందామని. అంగడాయన ఇచ్చిన ఇంకో నంబరుకు చేస్తే ఒక ఆడగొంతు గట్టిగా పలికింది.

“ఎవరప్పా?”

“స్పానిష్ కోర్సు గురించి...”

“పిల్లోల్లకా?”

“నాకేనమ్మా.”

“వయసెంత?”

“అరవై.”

“నోట్లో పండ్లన్నీ ఉండాయా?”

“ఉన్నాయి.”

“అయితే వస్తాదిలే. రేపు రెండు గంటలకు చేయి సార్. రెండునుంచి మూడు. ఆపైన గొర్రెలు దిగిపోతాయి.”

గొర్రెలు దిగిపోవడమన్నది స్పానిష్ సామెత అనుకున్నాను. ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు. మరుసటి రోజు భోంచేసి, కొత్త పెన్ను, కొత్త నోటుపుస్తకం పట్టుకుని, ఒంటిగంట యాభైకే కుర్చీలో కూర్చున్నాను.

సామెత కాదు, నిజం గొర్రెలే. మడకశిర దగ్గర ఒక పల్లె ఆమెది. ఊళ్ళో సిగ్నలు అందదు. మధ్యాహ్నం గొర్రెలు తోలుకుని గుట్ట ఎక్కితేనే అందుతుంది. ఆమె దగ్గరున్నది మాట్లాడటం తప్ప ఇంకేమీ చేయలేని బటన్ ఫోను. మరి ఆన్‌లైన్ ఏమిటంటే, ఆ మాట అంగడాయన చేర్చాడట, అది లేకపోతే ఈ కాలంలో ఎవరూ ఏదీ కొనరని.

పాఠం మధ్యలో గాలి హోరు, మెడ గంటలు, ఉన్నట్టుండి “వెన్ అకీ!” అని పెద్ద కేక. ఇటు రా అని అర్థం. మొదటి రోజు నన్నే అనుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాను. అన్నది ఒక పొట్టేలును. గొర్రెలతో ఆమె స్పానిషే మాట్లాడేది. “మీకంటే వాటికే బాగొస్తాది సార్,” అని రెండో వారంలోనే తేల్చేసింది.

ఎక్కడ చదువుకున్నారు మేడం అని అడిగితే “బెంగుళూరులో” అంది. టీచరు చదువు గడిలో గౌరవంగా ‘బెంగుళూరు’ అని రాసుకున్నాను. ఏ కాలేజీ అని అడిగితే అసలు సంగతి తెలిసింది.

“కాలేజీ ఏంది సార్? ఇల్లు. ఏడో అంతస్తు. స్పెయినోళ్ళ ఇంట్లో పిల్లోల్లను చూసుకుంటాంటి, తొమ్మిదేండ్లు. ఒక పాప, ఒక పిల్లోడు. వాళ్ళకు మాటలొస్తాంటే వాళ్ళతో పాటే నాకూ వచ్చె.”

ఆమె పాఠం చెప్పే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. “ఇప్పుడు నువ్వు పిల్లోనివి సార్. నేను అన్నం తినిపిస్తాండా. నువ్వు తిననను.” నేను “నో కియెరో” అనాలి. నాకొద్దు అని. “ఇనబడలే. నిజంగా ఆకలి లేనోని మాదిరి అను.” నేను ఇంకా గట్టిగా అనేవాణ్ణి. “ఓత్రా వెథ్!” మళ్ళీ అను అని. ఓసారి మా ఆవిడ కాఫీ తెచ్చిన సమయానికి సరిగ్గా “నో కియెరో!” అని అరిచాను. మారు మాట లేకుండా కాఫీ వెనక్కి తీసుకుపోయింది. సాయంత్రం కూడా ఇవ్వలేదు.

‘థపాతో’ అంటే చెప్పు. వేసుకో, విప్పు, ఏది ఇంకోటి, యాడుండాది, ఇలా ఒక్క చెప్పు మీదే వారం నడిపింది. అంకెలు పది వరకే చెప్పింది. దాగుడుమూతలకు అంతకన్నా అవసరం లేదట. గొర్రెలను లెక్కపెట్టాలంటే మూడుసార్లు పది చెప్పి, పైన నాలుగు. నేను తప్పు పలికితే కోప్పడేది కాదు, “పోకో ఆ పోకో సార్” అనేది. కొంచెం కొంచెంగా అని. వాన రాకున్నా అదే మాట, మోకాలు నొప్పెడుతున్నా అదే మాట.

నాకేమో లోపల ఇంగ్లీషు మాస్టరు ఊరుకోడు. ఓ రోజు ఉండబట్టలేక అడిగాను. “మేడం, ఇప్పుడు మీరన్న క్రియ ఏ పురుషలో ఉంది?”

“ఏ పురుషుడు సార్?”

“అదే, ఉత్తమ పురుష, మధ్యమ పురుష...”

“ఈడ పురుషులెవరూ లేరు సార్. మా ఆయన సంతకు పోయినాడు.”

అది నాకు నవ్వుకోవలసిన మాట. నేను నవ్వుకోలేదు, చిన్నబుచ్చుకున్నాను. వ్యాకరణం తెలియని మనిషి దగ్గర రోజూ గంటసేపు పసిపిల్లాడి వేషం వేస్తున్నానే అనిపించింది. దానికి తోడు ఉచ్చారణ. నా ఫోన్లోని ఉచిత పాఠంలో ‘సపాతో’, ‘గ్రాసియాస్’ అని చక్కగా పలుకుతుంటే, ఈమె ‘థపాతో’, ‘గ్రాథియాస్’ అంటోంది. నాకు చటుక్కున వెలిగింది.

“మేడం, మీరు నేర్చుకునే రోజుల్లో ఆ పిల్లలకు ముందు పళ్ళు ఉండేవా?”

“పిల్లోనికి ఊడిపోయి ఉండె సార్. ఏం?”

“ఏం లేదు,” అన్నాను, నేరస్థుణ్ణి పట్టుకున్న పోలీసులా.

ఆ సాయంత్రమే అంగడాయన ప్రకటన కింద అభిప్రాయాలు రాసే చోట ‘భాషాభిమాని’ అనే పేరుతో నాలుగు వాక్యాలు రాశాను. ‘ముప్పై రెండేళ్ళ బోధనానుభవంతో చెబుతున్నాను. ఈమెకు వ్యాకరణం తెలియదు. ముందు పళ్ళు లేని పిల్లల దగ్గర నేర్చుకున్న నత్తి భాష ఇది. ధరకు తగిన సరుకు.’ చివరి వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

నేను కాక ఆమెకు ఇంకో ఇద్దరు విద్యార్థులు ఉండేవారు. యాడికి అనే ఊళ్ళో ఒక నర్సమ్మ, బళ్ళారిలో ఒక హోటలు మేనేజరు. వారం తిరక్కుండా ఇద్దరూ మానేశారు.

“ఎవరో పెద్ద సారు రాసినాడంట, నా నాలుక సరిగా లేదని. అంగడాయన చదివి చెప్పినాడు. మీరు చూసినారా సార్?” అని అడిగింది.

“లేదు మేడం,” అన్నాను.

ఆ మాట తర్వాత పాఠంలో నా నోరు పెగల్లేదు. రెండు రోజులు చూసి, ఇంట్లో పెళ్ళి పనులున్నాయని చెప్పి మానేశాను. పెళ్ళి నిజమే, మా మరదలి కూతురిది. కానీ దానికి నేను చేయవలసిన పని, చీరల కొట్లో కూర్చుని తల ఊపడం మాత్రమే.

ఆ తల ఊపుడు కోసమే ఓ రోజు ధర్మవరం వెళ్ళాం. కొట్లో తెల్లపరుపు మీద మా పక్కనే ఇద్దరు విదేశీ ఆడవాళ్ళు చీరలు చూస్తున్నారు. ఒకామెకు డెబ్బై పైనే ఉంటాయి. ఇక్కడి సేవాసంస్థ కోసం స్పెయిన్ నుంచి వచ్చేవాళ్ళు మా జిల్లాకు కొత్త కాదు గానీ, అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. సేటుకు వాళ్ళ ఇంగ్లీషు సరిగా అందడం లేదు. ఊరికే ఉంటే మా ఆవిడ ఎందుకవుతుంది? “మా ఇంటాయనకు వస్తాది స్పానిష్. ఫోన్లో నేర్చుకుంటాండాడు,” అంది. కొట్లో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దామె లేవబోయింది. అంతసేపు బాసింపట్టు వేసుకుని కూర్చుని కాలు తిమ్మిరెక్కినట్టుంది, మోకాలు పట్టుకుని “ఆయ్” అంది. నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నోరు మెదిలేది కాదు. గుట్ట మీది గొంతుతోనే, “దోందె తె దుయెలె, మి నీన్యా?” అనేశాను. ఎక్కడ నొప్పి, నా చిట్టితల్లీ?

ఆమె నన్ను తేరిపార చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. వచ్చీరాని ఇంగ్లీషులో, తననలా పిలిచి అరవై ఏళ్ళయిందని చెప్పింది. వాళ్ళ అమ్మ పిలిచేదట. తర్వాత నా చెయ్యి పట్టుకుని అంది: “గ్రాథియాస్.”

నేను ఆ చెయ్యి వదల్లేదు. “ఏమన్నారు? మళ్ళీ అనండి,” అన్నాను. అంది. “చెప్పును ఏమంటారు?” అని అడిగాను. “థపాతో.” పాపం, తిమ్మిరి కాలుతో ఆ పెద్దామెను నిలబెట్టి నాలుగు మాటలు పలికించాను. నాలుగూ మా మేడం పలికినట్టే పలికింది. నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి.

“మా ఊళ్ళో అందరం ఇలాగే పలుకుతాం. మీ టీచరుది మా వైపేనా?” అని అడిగింది.

“కాదండీ, మడకశిర,” అన్నాను.

చీర కొన్నారో లేదో నాకు గుర్తులేదు. ఇంటికి రాగానే చేసిన మొదటి పని, ఆ నాలుగు వాక్యాలు తీసేయడం. పోయిన ఇద్దరు విద్యార్థులు దానితో తిరిగి రారని నాకూ తెలుసు. రెండు రోజులు రెండు గంటలకు ఫోను తీసి, నంబరు నొక్కకుండానే పెట్టేశాను. మూడో రోజు అనంతపురంలో ఒక బస్సు, పెనుకొండలో ఒక బస్సు మారి మడకశిర చేరాను. అంగడాయన గుట్ట దాకా బండి మీద దింపాడు.

చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు, మెడలో గుడ్డపీలికకు వేలాడే బటన్ ఫోను. బండ మీద కూర్చుని రాగిముద్దలో ఊరుబిండి పచ్చడి నంచుకుని తింటోంది. నేను నోరు తెరవగానే గుర్తుపట్టింది.

“ఉరవకొండ సారా! గొంతు ఇని నువ్వు ఇంకా లావుంటావనుకుంటి.”

నీళ్ళిచ్చింది. తాగి, నిలబడే చెప్పాను. “మేడం, ఆ రాసింది నేనే.”

“ఏది?”

“మీ నాలుక సరిగా లేదని. తప్పు నాదే. మీరు పలికేదే సరైనది. నేనే...”

ఆమె తినడం ఆపింది. పైకి లేచి, పక్కవాళ్ళ శనగచేను వైపు పోతున్న రెండు గొర్రెలను మళ్ళించడానికి పోయింది. ఆ రెంటినీ మళ్ళించడానికి అంతసేపు అక్కర్లేదు. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఏమప్పా, దినామూ గంటసేపు నా చెవిలోనే ఉంటివి. నాతో చెప్పేదానికి నోరు లేకపాయనా నీకు?”

నేను తల వంచుకున్నాను.

“దుడ్ల మాట గాదు. దుడ్లు యాడో ఒక తావ పుడతాయి. ఆ ఇద్దరూ పోయినాక నువ్వొక్కనివే మిగిలింటివి. నువ్వూ పెండ్లని మానేస్తివి. పదైదు దినాలు నేనెవరితో మాట్లాడల్ల?”

“తెలుగులో అందరూ...” అనబోయాను.

“తెలుగు యాడికీ పోదు, నా కాడనే ఉంటాది. ఆ మాటే, మాట్లాడకుంటే పోతాది. ఒగనాడు ఆ పిల్లోల్లు ‘అక్కా’ అని ఫోన్ చేస్తే నేనేం చెప్పల్ల? మర్చిపోతినమ్మా అని చెప్పల్లనా?”

అప్పటికి నాకు అర్థమైంది ఆమె ఈ కోర్సు ఎందుకు పెట్టిందో. ఆ కుటుంబం వాళ్ళ దేశం వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళయిందట. మొదట్లో ఫోన్లు వచ్చేవి. ఈమె ఫోను గొర్రెల నీళ్ళతొట్లో పడి చెడిపోయింది. అందులోని నంబర్లన్నీ దానితోనే పోయాయి, కొత్త ఫోన్‌తో ఈమె నంబరూ మారింది. మిగిలింది ఒక్కటే. పోయేటప్పుడు ఆ తల్లి రాసిచ్చిన పిల్లల నానమ్మ అడ్రసు. సద్ది సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది, అందులోంచి మడతలు నలిగిన కాగితం.

“రాసే చెయ్యి గదా నీది,” అంది. “కూచో. ఈడ రాయి.”

అదే నా శిక్ష. బండ మీద కూర్చుని సంచిలోంచి తెల్ల కాగితం తీశాను. ఆమె స్పానిష్‌లో చెబుతోంది, నేను ఫోన్లో ఒక్కో మాటకూ అక్షరాలు వెతుక్కుని రాస్తున్నాను. అన్నం తింటాండారా. చలికి మేజోళ్ళు వేసుకుంటాండారా. అక్కకు మోకాలు నొప్పి, కొంచెమే. గొర్రెలు ముప్పై నాలుగు. ఒకదానికి పాప పేరే, అదీ మాట వినదు.

మొదటి వాక్యాన్ని కాస్త మర్యాదగా మార్చి, ‘మీరందరూ క్షేమమని తలుస్తాను’ అన్న అర్థం వచ్చేట్టు రాసి చదివి వినిపించాను. ఆమె ఒప్పుకోలేదు.

“అట్ల రాస్తే ఎవరో బ్యాంకోళ్ళు రాసినారనుకుంటారు. నేను చెప్పింది చెప్పినట్ల రాయి.”

కొట్టేసి మళ్ళీ రాశాను. కింద ‘అక్క’ అని రాయమంది. రాశాను. నా ఫోను నంబరు వేశాను. దిగేటప్పుడు, “రేపు రెండుకు చేయి సార్,” అంది.

రెండు నెలల తర్వాత నా ఫోన్‌కు ఏదో విదేశీ నంబరు నుంచి గొంతు సందేశం వచ్చింది. ఒక ఆడపిల్ల గొంతు. నాకు అర్థమైంది ఒకటే, అది ఆ పాప అని. రెండు అయ్యేదాకా ఆగలేక ఒంటిగంటనుంచే బటన్ ఫోన్‌కు చేస్తూ కూర్చున్నాను. గుట్ట ఎక్కి ఆమె ఎత్తగానే, నా ఫోన్లో సందేశం పెట్టి, మా ఆవిడ ఫోన్లో ఆమెను పెట్టి, రెండు ఫోన్లనూ ఒకదానికొకటి ఆనించాం. మా ఆవిడ రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది.

నిమిషంన్నర. జలపాతంలా మాట్లాడింది ఆ పిల్ల.

“ఏమంటాంది మేడం?” అన్నాను.

“తెలీదు సార్.”

నేనూ మా ఆవిడా ముఖాలు చూసుకున్నాం.

“పెద్దదయిపాయ సార్. పెద్దోళ్ళ మాట మాట్లాడ్తాంది. నాకు ఆ మాట రాదు గదా. ఓత్రా వెథ్ పెట్టు.”

నాలుగుసార్లు పెట్టాం. నాలుగోసారి అయ్యాక అంది: “ఒక మాట తెలిసింది. అక్కా అనింది. రెండుసార్లు అనింది.” మా ఆవిడ ఫోన్లు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఐదోసారి పెట్టబోతే మేడం వద్దంది. “సార్, ఆయమ్మి మాట్లాడే స్పానిష్ నేర్పే కోర్సు యాడన్నా చవగ్గా ఉంటాదా? నువ్వు అట్లాంటివి బాగా ఎతుకుతావంట గదా. మీ ఇంటామె చెప్పింది.”

ఈసారి గళ్ళు గీయలేదు. ఒక్క పూటలో వెతికి పట్టాను. ఆమెకు చదవడం రాదు కాబట్టి పొద్దున నేను ఆ పాఠం నేర్చుకుని, రెండు గంటలకు ఆమెకు అప్పజెప్పాలి. జీవితంలో మొదటిసారి హోంవర్కు ఎగ్గొట్టకుండా చేశాను. జరిగిపోయినవి చెప్పడం ఆమెకు అప్పటిదాకా తెలియదు. పిల్లలతో అంతా రా, పో, తిను, పడుకో కదా. భూతకాలం పాఠం వచ్చిన రోజు శ్రద్ధగా విని అడిగింది:

“అంటే అయిపోయినవన్నీ చెప్పుకోవచ్చునా?”

“చెప్పుకోవచ్చు మేడం.”

“అబ్బ, ఎన్నుండాయో!”

అప్పట్నుంచి వారానికొకటి చెప్పింది, రెండు ఫోన్ల మధ్య. నువ్వు ఒకసారి గుండీ మింగినావు. వానలో లిఫ్టు ఆగిపోతే ఏడంతస్తులూ నిన్ను ఎత్తుకుని ఎక్కినా. నీ తమ్మునికి మొదట వచ్చిన మాట నీ పేరు. తప్పులతోనే చెప్పేది, నా తప్పులు కూడా అందులో కలిసేవి. ఆ పిల్ల పోను పోను నిదానంగా మాట్లాడటం నేర్చుకుంది, మా ఇద్దరికీ అర్థమయ్యేట్టు. ఆరు నెలలు అలా సాగింది.

ఆ తర్వాతే మార్కెట్లో ఆ ఫోను. రెండు రోజుల జ్వరమట. హిందూపురం తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

పిల్లకు చెప్పవలసింది నేనే. చనిపోవడం అన్న క్రియ మా కోర్సులో ఇంకా రాలేదు. నిఘంటువులో వెతుక్కుని, ఒక్క వాక్యం రాయడానికి పొద్దంతా కూర్చున్నాను. జవాబు మరుసటి రోజు వచ్చింది. ఆదివారం నానమ్మ వాళ్ళ చర్చిలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారట. అక్క పేరు కూడా చదివించాలని అడిగితే, ఫాదరు పూర్తి పేరు కావాలన్నాడట. ‘మా అమ్మను అడిగాను. మేమంతా అక్క అన్నదే ఆమె పేరనుకున్నాం. అసలు పేరు ఏమిటి?’

టీచరు చదువు కోసం గడి గీసుకున్న నాకు, టీచరు పేరు కోసం గడి గీయాలని తోచలేదు. నా ఫోన్లో ఆమె ‘స్పానిష్ మేడం’. డబ్బు అంగడాయన ఫోన్‌కు పంపేవాణ్ణి. ఆయనను అడిగితే, “మేము గొర్రెలక్క అంటాం సార్. పేరు తెలీదు,” అన్నాడు. పల్లెకు పోయి వాళ్ళ ఆయన చేత నాకు ఫోన్ చేయించాడు.

ఆయన గొంతు వినడం అదే మొదలు. సంగతంతా చెప్పాను. ఆయన ఆమె పేరు చెప్పాడు, ఎప్పుడూ నోటితో అనని మాటను అన్నట్టు మెల్లగా. కాగితం మీద రాసుకున్నాను.

“ఆడ పెద్దగా చదువుతారా సార్, ఆ పేరు?”

“చదువుతారంట.”

“అందరికీ ఇనబడేతట్ల?”

“అవును.”

“అయితే ఇంటిపేరు గూడా రాయి సార్,” అన్నాడు.